రోల్ చేయాలా, మడత పెట్టాలా అనేది తర్వాత. ముందు బట్ట చల్లారనివ్వండి

"నాలుగు రోజుల పెళ్లికి కుటుంబంతో హైదరాబాద్ వెళ్తున్నాం. పెద్ద సూట్‌కేసు ఒక్కటే. బట్టలు నలగకుండా ఉండాలంటే రోల్ చేసి సర్దాలా, మడత పెట్టి సర్దాలా?" అని అడిగారు.

ఈ ప్రశ్న చూశాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. నేను 22 ఏళ్లు మెడికల్ రిప్రజెంటేటివ్‌గా పనిచేశాను. రాజమండ్రి హెడ్‌క్వార్టర్, వారానికి మూడు రాత్రులు బయటే పడక. అమలాపురం, రాజోలు, కాకినాడ, తుని, ఏ ఊళ్లో ఏ లాడ్జిలో గోడకి మేకులు ఎన్ని ఉంటాయో కూడా చెప్పగలను. డాక్టరు గారి గది బయట పేషెంట్ల మధ్య గంటసేపు నిలబడితే లోపల దొరికేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఆయన ముందు చూసేది మన చొక్కా. మందు పేరు తర్వాత. అందుకని ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

వీడియోల్లో అందరూ రోల్ గురించీ మడత గురించీ వాదించుకుంటారు. అసలు తప్పు అంతకు ముందే జరిగిపోతుంది. ఇస్త్రీ చేసిన బట్టని వేడిగా ఉండగానే పెట్టెలో పెట్టేస్తాం. ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను.

2004 డిసెంబరు. హైదరాబాద్‌లో మూడు రోజుల సైకిల్ మీటింగ్, అంటే గడిచిన మూడు నెలల అమ్మకాలు చూసుకునే కంపెనీ సమావేశం. ఆ మూడు నెలలూ నా టెరిటరీలో అమ్మకాలు బాగా వచ్చాయని, రెండో రోజు స్టేజి ఎక్కి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఉద్యోగంలో చేరాక నాకు దక్కిన మొదటి గౌరవం అది. బయల్దేరే రోజు కూడా సాయంత్రం దాకా కాల్స్, అంటే డాక్టర్లని కలవడం, పూర్తి చేసి ఇంటికొచ్చి, ఐదు చొక్కాలు మా వీధి చివర వేపచెట్టు కింద ఇస్త్రీ బండి దగ్గర ఇచ్చి, గంటలో కావాలన్నాను. ఆయన బొగ్గుల పెట్టెతో చేసేవాడు. చేసి ఇచ్చేటప్పుడు "కాసేపు గాలికి ఉంచి పెట్టుకోండి బాబుగారూ" అన్నాడు. నాకు గౌతమి ఎక్స్‌ప్రెస్ టెన్షన్. చేతికి ఇంకా వెచ్చగా తగులుతున్న చొక్కాల్ని అలాగే సూట్‌కేసులో పేర్చి, పైన డాక్టర్లకి మందుల గురించి చూపించే విజువల్ ఎయిడ్ ఫైలు, డైరీ, బూట్లు పెట్టి, మోకాలితో నొక్కి జిప్పు వేశాను. రైల్లో దాన్ని కింది బెర్తు కింద నిలువుగా తోసి పడుకున్నాను.

పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగి లాడ్జి గదిలో పెట్టె తెరిచాను. నేను చూసిన ముడతల్లో అంతటి మొండివి మళ్లీ చూడలేదు. ఛాతీ మీద అడ్డంగా రెండు గీతలు. వీపు మీద ఫైలు అంచు అచ్చుగుద్దినట్టు పడింది. ఒక కాలరు బూటు బరువుకి వంగిపోయి మళ్లీ నిలబడలేదు. కింద రిసెప్షన్‌లో ఐరన్ బాక్స్ అడిగితే, మొత్తం లాడ్జికి ఉన్నది ఒక్కటేనట, ఎవరో పట్టుకెళ్లారట. తడిచేత్తో రుద్దాను, లాగాను, పరుపు కింద పెట్టి దాని మీద కూర్చున్నాను. ఏం లాభం లేదు. మర్నాడు వాటిలో కాస్త నయమైనది వేసుకునే స్టేజి ఎక్కాను. బాగానే మాట్లాడాను, చప్పట్లు కూడా కొట్టారు. భోజనాల దగ్గర పెద్ద మేనేజరు భుజం మీద చెయ్యి వేసి, "బాగా చెప్పావయ్యా. రైలు దిగి సరాసరి ఇక్కడికే వచ్చావా?" అన్నాడు. మూడు నెలల కష్టం గురించి ఒక్క మాట లేదు, చొక్కా గురించే. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంటుంది.

తిరిగొచ్చాక ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన ఏమీ అనకుండా ఒకేలాంటి రెండు జేబురుమాళ్లు తీశాడు. రెండింటికీ నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేశాడు. ఒకటి వేడిగానే నాలుగు మడతలేసి ఇటుక కింద పెట్టాడు. రెండోది తాడు మీద ఆరేసి, చల్లారాక అలాగే మడతేసి ఇంకో ఇటుక కింద పెట్టాడు. నన్ను టీ తాగి రమ్మన్నాడు. వచ్చాక రెండూ విప్పి చూపించాడు. మొదటిదానికి మడత దగ్గర కత్తి అంచులా గీత పడింది. రెండోది దులపగానే దాదాపు సాపు అయిపోయింది. "వేడీ తడీ ఉన్నంతసేపూ గుడ్డ తడిమట్టి లాంటిదండి. ఎలా పెడితే అలా ఉండిపోద్ది. చల్లారితే గట్టిపడిపోద్ది" అన్నాడు.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవాణ్ని. నూలు అంటే సెల్యులోజ్ అని, దాని పొడవాటి గొలుసులు పక్కపక్కన హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయని పరీక్షలో రాశాను కూడా. తేమ తగిలితే ఆ పట్టు సడలుతుంది. వేడి తోడైతే గొలుసులు ఇంకా సులువుగా జరుగుతాయి. ఆరి చల్లబడేటప్పుడు ఎక్కడున్నవి అక్కడే మళ్లీ పట్టు బిగిస్తాయి. ఇస్త్రీ పెట్టె కింద సాపుగా ఉంటే సాపుగా, సూట్‌కేసులో నలిగి ఉంటే నలిగినట్టుగా. ఇస్త్రీకీ ముడతకీ కారణం ఒకటే. పుస్తకంలో చదివింది చొక్కాకి వర్తిస్తుందని నాకు చూపించింది ఆ ఇస్త్రీ ఆయన, కాలేజీ కాదు.

ఇంకో సంగతి. నూలు బట్ట మామూలు గాలిలోనే తన బరువులో దాదాపు 8 శాతం తేమ పట్టి ఉంచుకుంటుంది. పాలిస్టర్ అరశాతం కూడా పట్టదు. పాలిస్టర్ కలిసిన టెర్రికాటన్ చొక్కా అంతగా నలగకపోవడానికి ఇదొక పెద్ద కారణం. కోనసీమ తేమ గాలికైతే, చల్లారిన నూలు చొక్కా కూడా పెట్టెలో మెత్తబడుతుంది. ఈ మధ్య పెళ్లిళ్లకి అందరూ లినెన్ చొక్కాలు కుట్టిస్తున్నారు. ఊళ్లో పెళ్లయితే సరే గానీ, ప్రయాణానికి లినెన్ దండగ. కారు దిగేలోపే నలుగుతుంది, ఎలా సర్దినా ఆగదు.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని, బయల్దేరే రోజు కాకుండా ముందు రోజే ఇస్త్రీ పూర్తి చేయించడం. రాత్రంతా హ్యాంగర్లకి వేసి ఫ్యాను గాలికి వదిలేయండి. సర్దే ముందు కాలరు లోపల, కఫ్‌ల దగ్గర వేలు పెట్టి చూడండి. పొర మీద పొర ఉండే ఆ చోట్లే చివర్న ఆరతాయి.

ఇక రోల్ సంగతి. టీషర్టులు, లుంగీలు, బనీన్లు, నైటీలు, జీన్సు ప్యాంట్లు రోల్ చేయండి, జాగా కలిసొస్తుంది. కాలరు ఉన్న చొక్కా మాత్రం రోల్ చేయొద్దు. గుండీల పట్టీ ఒక పక్క దళసరి, రెండో పక్క పల్చన, చుట్టేకొద్దీ పల్చటి పక్క ముడతలు పడుతుంది. ఎవరేం చెప్పినా నేను ఒప్పుకోను, వందలసార్లు చేసి చూశాను.

నేను సర్దే పద్ధతి ఇది. ముందు ప్యాంటుని నడుము వైపు పెట్టెలో, కాళ్లు బయటికి వేలాడేలా పరుస్తాను. రెండో ప్యాంటు ఎదురు దిక్కున. మధ్యలో చొక్కాలు, ఒక కాలరు ఇటు, ఒక కాలరు అటు. అన్నీ ఒకే పక్క పెడితే అక్కడ గుట్ట అయి రెండో పక్క జారిపోతుంది. కాలరు గుండ్రంలో చుట్టిన బెల్టు పెడితే అది వంగదు. చొక్కాల మీద రోల్ చేసిన టీషర్టులు ఒక వరస పెట్టి, వేలాడుతున్న ప్యాంటు కాళ్లని వాటి మీదుగా లోపలికి మడుస్తాను. మోకాలి దగ్గర మడతకి మెత్త దొరుకుతుంది కాబట్టి గీత పడదు. ప్రతి చొక్కాకీ మధ్య లాండ్రీ వాళ్లిచ్చే పల్చటి కవరు ఒకటి. బట్టకి బట్ట రాసుకున్నా ముడత పడుతుంది. మధ్యలో జారుడుగా ఏదైనా ఉంటే పొర మీద పొర జారుతుంది, నలగదు. కవరు లేకపోతే మెత్తటి పాత పంచె ముక్క చాలు.

బూట్లు, షేవింగు సామాను, ఛార్జర్లు చక్రాల వైపు. నిలబెట్టినప్పుడు బరువు కిందే ఉండాలి, లేకపోతే అది జారి బట్టల మీద పడుతుంది. మూలల్లో సాక్సులు, రుమాళ్లు దూర్చాలి. సగం ఖాళీగా ఉన్న పెట్టెలో బట్టలు దొర్లి నలుగుతాయి. మోకాలితో నొక్కి మూసిన పెట్టెలో అణిగి నలుగుతాయి. చేత్తో మెల్లగా అదిమితే మూత పడాలి, అంతవరకే. రైల్లో పెట్టెని పడుకోబెట్టండి, నిలబెట్టొద్దు.

గాలి తీసేసే ప్లాస్టిక్ సంచులు చూసి మోసపోకండి. రగ్గులకీ స్వెట్టర్లకీ బాగుంటాయి. చొక్కాలకి వాడితే బరువు పెట్టి నొక్కినట్టే, నేను 2004లో చేసిన పనే. పైగా జాగా మిగిలిందని ఇంకా నాలుగు జతలు కూరతాం, బరువు మాత్రం తగ్గదు కదా. ఇంకొకటి, ఇప్పుడొచ్చే సూట్‌కేసులు నడిమికి తెరుచుకుంటున్నాయి. రెండు సగాలూ పరవాలంటే లాడ్జి గదిలో మంచానికీ గోడకీ మధ్య చోటే ఉండదు. పాత పెట్టెకి మూత ఉండేది, ఎక్కడైనా తెరవొచ్చు. ఇది ఎవరూ అడగరేమో గానీ, ఊళ్లు తిరిగే ఉద్యోగం వాళ్లకి చాలా ఇబ్బంది.

మీరు విమానంలో వెళ్లేట్టయితే ఇంట్లోనే తూకం వేసుకోండి. 2022లో మా అమ్మాయిని అమెరికా పంపేటప్పుడు ఒక్కో పెట్టెకి 23 కిలోలు, రెండు పెట్టెలు. రెండు రోజులు కూర్చుని ఒక్క ముడత లేకుండా సర్దాను. కౌంటర్ దగ్గర ఒకటి 25 చూపించింది. పక్కకి వెళ్లి ఎయిర్‌పోర్టు నేల మీద పెట్టె విప్పి, ఆవకాయ ప్యాకెట్లు ఇందులోంచి అందులోకి మార్చాం. ఐదు నిమిషాల్లో నా రెండు రోజుల పని చెదిరిపోయింది. ఇప్పుడు మా ఇంట్లో కొక్కెంతో వేలాడదీసి తూచే చిన్న త్రాసు ఉంది. పెట్టె సర్దే ఇంట్లో అది తప్పకుండా ఉండాలి.

పెళ్లి కాబట్టి పట్టుచీరల మాట కూడా చెప్పాలి. ఇది మా ఆవిడ దగ్గర నేర్చుకున్నది. బీరువాలో ఉన్న మడతతోనే తీసి పెట్టెలో పెట్టకండి. అదే మడత దగ్గర మళ్లీ నొక్కుకుంటే జరీ అక్కడే విరుగుతుంది. మడత మార్చి వేయాలి. ప్రతి మడత లోపల మెత్తటి పాత నూలు గుడ్డ చుట్టి పెడితే మడత పదునుగా కాకుండా గుండ్రంగా వస్తుంది. చీర మొత్తాన్ని మళ్లీ ఒక పాత పంచెలో చుట్టి, పెట్టెలో అన్నిటికంటే పైన. చీరల దగ్గర కలరా ఉండలు వేయొద్దు, ఆ వాసన పెళ్లి పందిట్లో కూడా వదలదు. పట్టు మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేయొద్దు, మరకలు పడతాయి. మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలు తీసుకెళ్తుంటే గంజి పల్చగా పెట్టించండి. చిక్కటి గంజి పెట్టిన చీర మడత దగ్గర కాగితంలా విరిగినట్టు గీత పడుతుంది. అలాంటిది అక్కడ దిగాక ఇస్త్రీ చేయించుకోవడమే నయం. జాకెట్లు మాత్రం చేతి సంచిలో పెట్టుకోండి. చీర దొరకకపోతే అక్కచెల్లెళ్ల దగ్గర తీసుకోవచ్చు, జాకెట్టు ఎవరిదీ సరిపోదు.

దిగగానే చేయాల్సిన పని, కాఫీ కంటే ముందు పెట్టె తెరిచి బట్టలు తగిలించడం. స్నానాల గదిలో వేడినీళ్లు వదిలి, తలుపు మూసి, చొక్కాల్ని ఆవిరికి పావుగంట ఉంచితే చిన్న ముడతలు పోతాయి. తర్వాత బయట ఆరనివ్వాలి. ఆవిరి పట్టిన చొక్కా వెంటనే తొడుక్కుంటే మోచేతుల దగ్గర కొత్త ముడతలు పడతాయి.

ఒకసారి తుని లాడ్జిలో తెల్లారేసరికి కరెంటు లేదు. చొక్కా ముందు భాగమంతా నలిగి ఉంది. నా చిన్నప్పుడు మా నాన్నగారు ఇత్తడి చెంబులో నిప్పులు వేసి చొక్కా సాపు చేసుకోవడం నేను చూశాను. నిప్పులు ఎక్కడ దొరుకుతాయి? ఎదురుగా టీ కొట్టుకి వెళ్లి అడిగితే, అడుగు చదునుగా ఉన్న స్టీలు గిన్నెలో సలసలా మరిగే నీళ్లు పోసి ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు. మంచం మీద దుప్పటి మడతేసి, చొక్కాకి కాస్త తడి చేసి, తువ్వాలుతో గిన్నె అంచు పట్టుకుని మెల్లగా లాగాను. నీళ్లు చల్లారితే మళ్లీ వెళ్లి పోయించుకొచ్చాను. రెండు గిన్నెల నీళ్లతో ఛాతీ, కాలరు, గుండీల పట్టీ అయ్యాయి. వీపు వదిలేశాను. చొక్కాని కిటికీ చువ్వకి తగిలించి, అది పూర్తిగా చల్లారేదాకా బనీను మీదే కూర్చున్నాను. ఆ రోజు మొదటి కాల్ తొమ్మిదింటికి.