నాన్నగారికి స్ట్రీమింగ్ స్టిక్: ముందు చూడవలసింది రిమోట్

ప్రశ్న: మా నాన్నగారు ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేసి, అమ్మతో కలిసి భీమవరంలో ఉంటున్నారు. వయసు డెబ్బై దాటింది. పాత తెలుగు సినిమాలంటే ఆయనకు ప్రాణం. ఇంట్లో ఉన్నది 32 అంగుళాల మామూలు ఎల్‌ఈడీ టీవీ. కేబుల్ ఎప్పటినుంచో ఉంది, బ్రాడ్‌బ్యాండ్ ఈమధ్యే పెట్టించాం. సంక్రాంతికి వెళ్ళినప్పుడు టీవీకి తగిలించి ఇంటర్నెట్‌లో సినిమాలు చూసుకునే స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి ఆయనకు కానుకగా ఇద్దామనుకుంటున్నాను. అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్, గూగుల్ టీవీతో వచ్చే స్టిక్, యాపిల్ టీవీ, వీటిలో ఏది మంచిది? కొంటే బొమ్మ మరింత తేటగా చూపే 4కే ఉన్నదే కొనాలని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఏదైనా కొనే ముందు రెండు సంగతులు తెలుసుకోండి. మీ బ్రాడ్‌బ్యాండ్ సంస్థ ఆ ప్లాన్‌తో పాటు సెట్‌టాప్ బాక్స్ ఇస్తుందేమో ఫోన్ చేసి అడగండి. జియో, ఎయిర్‌టెల్ వంటి సంస్థల కొన్ని ప్లాన్లలో యాప్‌లన్నీ నడిచే బాక్స్ వస్తుంది కనుక, అది దొరికితే స్టిక్ అవసరమే ఉండకపోవచ్చు. రెండవది, టీవీ వెనుక, స్టిక్ తగిలించే హెచ్‌డీఎంఐ పోర్టులు ఎన్ని ఉన్నాయో నాన్నగారిని ఒక ఫొటో తీసి పంపమనండి. ఉన్న ఒక్క పోర్టునూ కేబుల్ బాక్స్ ఆక్రమించుకుని ఉంటే, ఆ బాక్స్‌ను ఎరుపు, తెలుపు, పసుపు రంగుల ఏవీ తీగలకు మార్చి, హెచ్‌డీఎంఐని స్టిక్‌కు వదలవలసి వస్తుంది.

4కే విషయంలో మీ తమ్ముడిగారి మాట మీ ఇంటి టీవీకి వర్తించదు. 32 అంగుళాల టీవీలలో చాలావరకు హెచ్‌డీ రెడీ రకానివే. వాటి తెర మీద అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు మాత్రమే ఉంటాయి కాబట్టి 4కే స్టిక్ పెట్టినా బొమ్మ అంతకు మించి తేటగా కనిపించదు. అదీగాక నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీకి సెకనుకు 5 మెగాబిట్ల వేగం చాలు, 4కేకి 15 కావాలి. రాబోయే రోజుల్లో పెద్ద టీవీ కొనే ఆలోచన ఉంటే తప్ప ఆ అదనపు ఖర్చు వద్దు.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది రిమోట్. మీ నాన్నగారి చేతిలో ఇప్పటికే టీవీ రిమోట్, కేబుల్ రిమోట్ ఉన్నాయి. మూడవది వచ్చి చేరినప్పుడు, శబ్దం పెంచడానికి ఒకటి, సినిమా వెతకడానికి మరొకటి, మళ్ళీ వార్తలకు వెళ్ళడానికి ఇంకొకటి పట్టుకోవలసి వస్తే, ఎంత మంచి పరికరమైనా వారం తిరిగేసరికి మూలన పడుతుంది. దీనికి పెద్దవారిని తప్పుపట్టకూడదు, అమరిక చేసినవారే ముందుగా ఆలోచించాలి. అందుకే టీవీని ఆన్ చేసే బటనూ, శబ్దం పెంచే, తగ్గించే బటన్లూ స్టిక్ రిమోట్‌లోనే ఉండాలి. కొంతకాలం క్రితం వచ్చిన ఫైర్ టీవీ స్టిక్ లైట్ రిమోట్‌లో ఈ బటన్లు లేవు. ఎవరైనా చవకగా అమ్ముతున్నా దాన్ని తీసుకోకండి. 2013లో వచ్చిన తొలి క్రోమ్‌కాస్ట్‌కైతే రిమోటే లేదు, అంతా ఫోన్ నుంచి నడపాలి. అటువంటి పాతవి ఇంట్లో పడి ఉన్నా పెద్దవారికి ఇవ్వవద్దు.

ఇక ఎంపిక. యాపిల్ టీవీ చక్కగా పనిచేస్తుంది గానీ, దాని ధర పదివేలు దాటుతుంది. యాపిల్ ఫోన్ వాడని ఇంట్లో అంత ఖర్చుకు తగిన ప్రయోజనం లేదు. మీకు నేను సూచించేది టీవీ బటన్లున్న రిమోట్‌తో వచ్చే హెచ్‌డీ రకం ఫైర్ టీవీ స్టిక్. ఆన్ చేయగానే వచ్చే దాని మొదటి తెర నిండా ప్రకటనలూ ప్రైమ్ వీడియో సినిమాలూ కనిపించడం ఒక లోపమే. గూగుల్ టీవీలో ఆ చిక్కు తక్కువ. సెట్టింగ్స్‌లో యాప్‌లు మాత్రమే కనిపించేలా మార్చుకుంటే సిఫారసుల వరుసలు తొలగిపోతాయి. యూట్యూబే ఎక్కువగా చూసే మనిషికి అది నిజంగా హాయి. కాబట్టి టీవీ, స్టిక్ ఒకదాని మాట ఒకటి వినే హెచ్‌డీఎంఐ సీఈసీ సదుపాయం మీ టీవీలో ఉంటే, గూగుల్ టీవీ స్టిక్‌నూ నిశ్చింతగా తీసుకోవచ్చు. ఈ సదుపాయాన్ని సామ్‌సంగ్ ఎనీనెట్ ప్లస్ అనీ, ఎల్‌జీ సింప్‌లింక్ అనీ, సోనీ బ్రావియా సింక్ అనీ పిలుస్తాయి. దాన్ని ఆన్ చేసి పెడితే సాధారణంగా స్టిక్ రిమోట్‌లోని హోమ్ బటన్ నొక్కగానే టీవీ కేబుల్ నుంచి స్టిక్‌కు దానంతటదే మారుతుంది. మన పెద్దవారిలో చాలామంది తడబడేది ఈ ఇన్‌పుట్ మార్చే దగ్గరే.

ఫైర్ టీవీ స్టిక్‌ను అమెజాన్‌లో ఆర్డర్ చేసేటప్పుడు అది కానుక అని సూచించే గడిని టిక్ చేయండి. లేకపోతే స్టిక్ మీ అమెజాన్ ఖాతాతో ముడిపడి రావచ్చు, అక్కడ నొక్కిన కొనుగోలు మీ కార్డుకు పడవచ్చు. ఎవరి ఖాతా పెట్టినా కొనుగోళ్ళకు పిన్ తప్పక పెట్టండి. బిగించేటప్పుడు టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచి కరెంటు ఇవ్వవద్దు. చాలా టీవీలలో అది అర ఆంపియరే ఇస్తుంది, అది చాలక స్టిక్ మధ్యమధ్యలో ఆగి మళ్ళీ మొదలవుతుంది. పెట్టెలో వచ్చిన అడాప్టర్‌నే గోడ ప్లగ్గుకు పెట్టండి. రౌటర్ ముందు గదిలో, టీవీ లోపలి గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ కంటే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలను దాటి బాగా అందుతుంది. చిన్న హెచ్‌డీఎంఐ పొడిగింపు తీగ కూడా ఇస్తే దాన్ని వాడండి. టీవీ వెనుక నొక్కుకుపోయి ఉండే స్టిక్‌కు వైఫై మెరుగవుతుంది.

చందాల విషయంలో తొందరపడకండి. ఎన్.టి. రామారావు, అక్కినేని, సావిత్రి నటించిన పాత చిత్రాలు ఎన్నో యూట్యూబ్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ముందు వాటిని చూడనిచ్చి, ఆ తర్వాత ఆయన అడిగినదాన్ని బట్టి ఆహా, ఈటీవీ విన్ వంటి తెలుగు వేదికల్లో ఒకదానికి ఏడాది చందా కట్టండి. నెలనెలా కట్టే పద్ధతిలో ఏదో ఒక నెల చెల్లింపు తప్పితే ఆయనకు కారణం తెలియక ఇబ్బంది పడతారు. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ టీవీలో నడవదని గుర్తుంచుకోండి. ఫోన్ నంబరుతో లాగిన్ అయ్యే యాప్‌లకు మీ నంబరే ఇస్తే, ఓటీపీ కోసం ఆయన వెతుక్కునే పని ఉండదు.

ఒక హెచ్చరిక తప్పనిసరి. స్టిక్‌లో ఏదైనా ఆగిపోయినప్పుడు ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికితే, స్టిక్ యాక్టివేట్ చేయడానికి డబ్బు కట్టమనే మోసగాళ్ళు తగులుతారు. ఫైర్ టీవీకి యాక్టివేషన్ రుసుము అంటూ ఏదీ లేదు. ఏ ఇబ్బంది వచ్చినా ముందు మీకే ఫోన్ చేయమని నాన్నగారికీ అమ్మగారికీ గట్టిగా చెప్పండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని కూడా చెప్పి ఉంచండి.

చివరగా, ఈ కానుకను తిరుగు ప్రయాణం రోజున ఇవ్వకండి, భోగి నాడే ఇచ్చేయండి. యూట్యూబ్‌ను వరుసలో మొట్టమొదట పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి, ఆపైన రిమోట్ ఆయనకే ఇచ్చి పక్కన కూర్చోండి. వెతకడానికి మైకు బటన్ నొక్కి సినిమా పేరు పలకమనండి. తెలుగు పేర్లను అది ఒక్కోసారి తప్పుగా వింటుంది, అప్పుడు నటుడి పేరు కూడా కలిపి చెప్పడం నేర్పండి. అమ్మగారికీ అదే ఓపికతో చూపించండి. మీరు బెంగళూరు బస్సు ఎక్కే లోపు ఇద్దరూ మీ సాయం లేకుండా ఒక సినిమా పెట్టుకుని, ఆపి, మళ్ళీ కేబుల్‌కు మార్చుకోగలిగితే చాలు, మిగిలినవి ఫోన్‌లో చెప్పుకోవచ్చు.