రక్తపు చుక్క దగ్గరే ఆగు

అమ్మాయికి ఆశీస్సులు.

రకూన్ల రక్తంలోని పరాన్నజీవి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికాలోని జార్జియా అడవిలో బోనులో పడ్డ రకూన్, ఆ చిన్న అడవి జంతువు, మత్తులో ఉండగా దాని ముందు పాదాన్ని అరచేతిలో పెట్టుకుని చూశావు. ఐదు వేళ్లూ విడివిడిగా, పసిపిల్ల చెయ్యిలా ఉందన్నావు. ఆ వాక్యాలు నాకు నోటికి వచ్చేశాయి. అక్కడే కాసేపు ఉండాలనిపించింది. నువ్వు ఉండనివ్వలేదు. చివరి పేజీలో "మన సమాజంలోనూ ఇలాంటి పరాన్నజీవులు ఎందరో" అంటూ లంచగొండుల్నీ దళారుల్నీ పిలుచుకొచ్చావు. నాకు ఒళ్లు మండింది. అందుకే ఈ ఉత్తరం.

పరాన్నజీవి అనే మాట మన వ్యాసాల్లో ఎప్పుడో తిట్టయి కూర్చుంది. నువ్వు రాసిన ట్రిపనోసోమా క్రూజీకి, చాగస్ జబ్బు తెచ్చే ఆ ఏకకణ జీవికి, సొంత బతుకొకటి ఉంది. రక్తం తాగే పురుగు పేగులో కొన్నాళ్లు, రకూన్ ఒంట్లో కొన్నాళ్లు. 1909లో బ్రెజిల్‌లో కార్లోస్ చాగస్ అనే డాక్టరు దాన్ని పట్టుకున్నాడు. రకూన్ పైకి ఆరోగ్యంగానే తిరుగుతూ ఉండొచ్చు. అంత సంగతి చేతిలో ఉండగా లంచగొండులు ఎందుకమ్మా?

సందేశం లేకపోతే పత్రికలవాళ్లు వేసుకోరని నీకు ఎవరో చెప్పి ఉంటారు. నాకూ చెప్పారు. నలభై ఏళ్ల కిందట బోదకాలు మీద రాయడానికి గోదావరి జిల్లాలో ఒక ఊరికి వెళ్లాను. ఫైలేరియా సిబ్బంది రాత్రి పది దాటాక టార్చిలైట్లతో ఇంటింటికీ తిరిగి, జనాన్ని నిద్రలేపి, వేలికి సూది గుచ్చి, గాజు పలక మీద రక్తం తీసేవాళ్లు. జనం తిట్టేవాళ్లు. పగలు రావచ్చు కదా అని నేనూ అడిగాను. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండిపోతాయని, దోమ కుట్టే వేళకి చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయని వాళ్లలో ఒకాయన చెప్పాడు. అదే మనిషి, అదే వేలు. పగలు చూస్తే ఏమీ ఉండదు, రాత్రి చూస్తే ఉంటుంది. ఆ ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తీరలేదు.

మూడు రాత్రులు వాళ్ల వెంట తిరిగి రాశాను. వారపత్రిక ఎడిటర్ ఆ రాత్రుల్ని మొత్తం కొట్టేశాడు. "రక్తపిశాచులు" అని హెడ్డింగ్ పెట్టి, పరిశుభ్రత మీద సొంత పేరా ఒకటి అతికించాడు. కింద నా పేరు. ఆ సంచిక మా నాన్నకు చూపించలేకపోయాను. ఆ ఎడిటర్ మీద కోపం నాకు ఇంకా ఉంది.

ఎలా వెతికారో చెప్పకుండా ఏం దొరికిందో చెబితే నేను నమ్మను. నీ వ్యాసంలో రక్తం తాగే ఆ పురుగును నల్లి అన్నావు. నల్లికి ఎగిరే రెక్కలు లేవు, ఇది రెక్కలున్న పెద్ద పురుగు, అక్కడివాళ్లు కిస్సింగ్ బగ్ అంటారు. కుడితే జబ్బు వస్తుందనీ రాశావు. పరాన్నజీవి ఉండేది దాని రెట్టలో. రకూన్‌కైతే ఆ పురుగును తిన్నా అంటుకోవచ్చు.

1998లో అమెరికాలోనే టెన్నెసీ రాష్ట్రంలో జరిగింది నీకు తెలిసే ఉంటుంది, అయినా ఒక్క ముక్క రాయలేదు. ఏడాదిన్నర బాబు ఉయ్యాల మంచంలో వాళ్లమ్మకు ఒక పురుగు కనబడింది. టీవీలో చూసిన పురుగులా ఉందని ఆవిడ పారెయ్యకుండా దాచింది. దాని పేగులో పరాన్నజీవి దొరికింది. బాబు రక్తాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే ఏమీ కనబడలేదు, కల్చర్‌లో, అంటే రక్తాన్ని ల్యాబులో ఉంచి పెంచి చూసినా, రాలేదు, జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షలో మాత్రం బయటపడింది. ఇంటి చుట్టుపక్కల పట్టిన మూడు రకూన్లలో రెండింటికి ఉంది. ఆ తల్లి పురుగును దాచకపోయి ఉంటే ఇదంతా ఎవరికి తెలిసేది? నేనైతే వ్యాసాన్ని ఆవిడ దగ్గరే మొదలుపెడతాను.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. అది తర్వాత చూద్దాం. ఏడో పేజీలో "ఆ స్లైడులో ఏమీ కనబడలేదు" అని ఒక్క వాక్యంతో దాటేశావు. ఆ స్లైడు ముందు ఎంతసేపు కూర్చున్నావు? పరాన్నజీవి కనబడేలా రక్తానికి వేసే జీమ్సా రంగు ఎలా పట్టింది? ఎప్పుడు లేచి వెళ్లిపోవాలనిపించింది? చివరి పేజీ తీసేసి, ఇవి రాసి పంపు.