లేయాని చూసినది ఎవరు?

"దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడని ప్రతి ఆదివారం వింటాను. ఇంటికొచ్చి అద్దం చూసుకుంటే ఆ మాట నిలవదు. ఆయన ప్రేమలో అందం, విలువ నిజంగా దొరుకుతాయా?" అని అడిగావు చెల్లెమ్మా. దొరుకుతాయి. నాకు దొరికాయి.

2003లో మేం కంచరపాలెంలో ఉండేవాళ్లం. అప్పటికి మూడు సంబంధాలు వచ్చి వెళ్లాయి. నాలుగో వాళ్లూ విశ్వాసుల కుటుంబమే. ప్రార్థన చేశారు, ఉప్మా తిన్నారు, నాచేత ఒక పాట పాడించారు. వెళ్తూ వెళ్తూ అబ్బాయి తల్లి గుమ్మం దగ్గర మా అమ్మతో, "చామనఛాయ అన్నారు గానీ ఇంత నలుపని చెప్పలేదు" అంది. తలుపు వెనక నుంచి విన్నాను. ఆ రాత్రి అమ్మ ఏమీ అనలేదు. పొద్దున్నే సున్నిపిండి కలిపిన గిన్నె నా ముందు పెట్టింది. ఆవిడ మాటకన్నా ఆ గిన్నే నన్ను ఎక్కువ ఏడిపించింది.

ఆ శుక్రవారం స్త్రీల కూడికకి వెళ్లబుద్ధి కాలేదు, అమ్మ లాక్కెళ్లింది. అక్కడికి ఒక మామ్మ వచ్చేది. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్మేది. చదువు రాదు కాబట్టి నా పక్కనే కూర్చుని నాచేత చదివించుకునేది. ఆ రోజు ఆదికాండం 29, యాకోబు తన ఇద్దరు భార్యల్లో చెల్లెలు రాహేలునే ప్రేమించి అక్క లేయాని పట్టించుకోని కథ. "లేయా ద్వేషింపబడుట యెహోవా చూచి" అని చదివానో లేదో నా చెయ్యి పట్టుకుంది.

"ఆగమ్మా. ఎవులు సూసినారు?"

"దేవుడు మామ్మా."

"మొగుడు సూడనేదు. దేవుడు సూసినాడు. మల్లీ సదువు."

మళ్లీ చదివాను. మూడోసారి గొంతు పెగల్లేదు.

లేయా తన పిల్లలకి పెట్టిన పేర్లు చూడు. రూబేను పుడితే, ఇక నా పెనిమిటి నన్ను ప్రేమిస్తాడంటుంది. షిమ్యోను తర్వాత లేవి పుడితే, ఇప్పుడైనా నాతో కలిసి ఉంటాడంటుంది. నాలుగోవాడు యూదా పుట్టేసరికి యాకోబు ఊసే లేదు. ఈసారి యెహోవాను స్తుతిస్తానంటుంది, అంతే. దావీదూ యేసూ వచ్చింది ఆ యూదా వంశంలోనే. రూపవతి అనిపించుకున్న రాహేలు వంశంలో కాదు.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. బయటి అలంకారం వద్దనే మొదటి పేతురు 3వ అధ్యాయం చూపించి ఆడవాళ్ల గాజులు, గొలుసులు తీయించేవాళ్లే, కొడుకు పెళ్లి దగ్గరికొచ్చేసరికి "రక్షణ, బాప్తిస్మం పొందిన తెల్లని అమ్మాయి కావాలి" అంటారు. దావీదు తండ్రి యెష్షయి ఇంట్లో పెద్దకొడుకు ఎత్తు చూసి సమూయేలు ప్రవక్త ఇతనే రాజనుకున్నప్పుడు, మనుషులు పైరూపం చూస్తారు, నేను హృదయాన్ని చూస్తాను అని దేవుడు అన్నది వాళ్లకి తెలియదా? మన ఆడపిల్లల మనసుల్ని పెళ్లిచూపులు పాడుచేసినంతగా సినిమాలు కూడా పాడుచేయలేదు.

ఐదో సంబంధం వాళ్లు వచ్చినప్పుడు నేను పౌడర్ రాసుకోలేదు. అదీ కుదరలేదు. కానీ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. పెళ్లి రెండేళ్ల తర్వాత అయిందిలే, నీ ప్రశ్నకి జవాబు మాత్రం ఆ నిద్రే.

ఇవాళ రాత్రి ఆ అధ్యాయం 31 నుంచి 35 దాకా పైకి చదువు చెల్లెమ్మా. లేవి దగ్గర ఆగిపోకు.