కెల్ప్ అడవులపై పరిశోధన: మడ అడవుల దగ్గర మొదలుపెట్టవచ్చు

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. సముద్రంలోని కెల్ప్ అడవులు ఏళ్ల తరబడి ఎలా మారుతున్నాయో గమనించే పనిలోనే స్థిరపడతానంటోంది. అవి మన సముద్రంలో లేవని విన్నాను. పైగా తనకు ఈత రాదు. ఈ దారి సరైనదేనా?

జవాబు: మీరు విన్నది నిజమే. కెల్ప్ చల్లటి నీటిలో పెరిగే నాచు. మన బంగాళాఖాతపు వెచ్చదనాన్ని తట్టుకోలేదు. కాలిఫోర్నియా, చిలీ, టాస్మేనియా వంటి తీరాల్లో అడుగున ఉన్న రాళ్లను పట్టుకుని పెరుగుతుంది. జెయింట్ కెల్ప్ అయితే, పరిస్థితులు అనుకూలిస్తే రోజుకు అర మీటరు దాకా సాగి, నీటి మీద పందిరిలా పరుచుకుంటుంది. కాబట్టి ఆ పనే చేయాలంటే మీ అమ్మాయి ఏదో ఒక దశలో విదేశానికి వెళ్లక తప్పదు.

ఈత గురించి మాత్రం ఇప్పుడే బెంగపడకండి. ఏటా అదే చోట మునిగి, అడుగున కొలత తాడు పరిచి, దానికి ఇరువైపులా ఉన్న మొక్కలను, ముళ్ల బంతుల్లా ఉండే సీ అర్చిన్లనే జీవులను లెక్కపెట్టే డైవర్లు ఈ రంగంలో ఉన్నారు. కాలిఫోర్నియాలోని ఛానెల్ ఐలాండ్స్ నేషనల్ పార్కులో ఈ లెక్క 1982 నుంచి సాగుతోంది. కానీ తీరం పొడవునా జరిగే మార్పును చూపేవి ఉపగ్రహ చిత్రాలే, వాటితో పనికి ఈత అక్కర్లేదు. కంటికి కనిపించని పరారుణ కాంతిని నీరు పీల్చుకుంటుంది, పైకి తేలిన కెల్ప్ ఆకు దాన్ని తిప్పికొడుతుంది. ఈ తేడా ఆధారంగా 1984 నుంచి ఉన్న లాండ్‌శాట్ అనే అమెరికా ఉపగ్రహాల చిత్రాల్లో పందిరి విస్తీర్ణాన్ని కొలుస్తున్నారు.

ఇన్నేళ్ల లెక్క ఎందుకంటే, కెల్ప్ మామూలుగానే శీతాకాలపు అలలకు చిరిగిపోయి మళ్లీ మొలుస్తుంది. ఒక ఏడాది తగ్గినంత మాత్రాన అడవి పోయిందనలేం. ఉత్తర కాలిఫోర్నియాలో 2013 నుంచి నక్షత్ర చేపలు రోగంతో చనిపోవడం, వాటికి ఆహారమైన అర్చిన్లు అదుపు లేకుండా పెరిగి కెల్ప్‌ను తినేయడం, ఆపై 2014–16లో సముద్రం వేడెక్కడం ఒకదాని వెంట ఒకటి జరిగి, అక్కడి బుల్ కెల్ప్ అనే రకం 90 శాతానికి పైగా పోయింది. అది ఏటా ఉండే హెచ్చుతగ్గు కాదని తేల్చడానికి పాత చిత్రాలే ఆధారమయ్యాయి.

ఇక్కడ ఒక చిన్న చిక్కు చెబుతాను. పోటు సమయంలో తీసిన చిత్రంలో కెల్ప్ పందిరి కొంత మునిగి, తక్కువగా కనిపిస్తుంది. ఆ సంగతి చూసుకోకుండా రెండేళ్ల చిత్రాలను పక్కపక్కన పెట్టినవారు, జరగని నష్టాన్ని జరిగిందని రాసేస్తారు. మీ ఊరి పక్కనే ఉన్న కోరంగి మడ అడవుల అంచుల్లోనూ ఇదే చిక్కు ఎదురవుతుంది. అందుకే తొలి పాఠాలకు కాలిఫోర్నియా దాకా పోనక్కర్లేదంటాను.

జువాలజీని మధ్యలో వదలవద్దు. మిగిలిన ఏడాదిన్నరలో గణాంకశాస్త్రం, లెక్కల విశ్లేషణకు వాడే ఆర్ (R) ప్రోగ్రామింగ్, పటాలు తయారుచేసే క్యూజీఐఎస్ (QGIS) సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, లాండ్‌శాట్ చిత్రాలు ఉచితమే కనుక, కోరంగి మడ అడవుల విస్తీర్ణం పదేళ్లకొకసారి ఎలా మారిందో ఒక ప్రాజెక్టుగా చేయమనండి. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటి చోట సముద్ర జీవశాస్త్రంలోనో, ఉపగ్రహ చిత్రాలతో భూమిని పరిశీలించే రిమోట్ సెన్సింగ్‌లోనో పీజీ చేయవచ్చు. అప్పు చేసి విదేశాల్లో ఎమ్మెస్ చదివించడాన్ని నేను సమర్థించను. స్టైపెండ్ ఇచ్చే పీహెచ్‌డీ సీటు వచ్చినప్పుడే పంపండి.

కెల్ప్ పేరుతో శాశ్వత ఉద్యోగాలు ఎక్కడైనా కొద్దిపాటివే. అయితే ఈ నైపుణ్యం మడ అడవులకు, పగడపు దిబ్బలకు, తీర భూముల పటాలకు కూడా పనికొస్తుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం), ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వంటి సంస్థలకు కావలసిందీ ఇలాంటి పనే. తొలి అవకాశాలు సాధారణంగా కొంతకాలపు ప్రాజెక్టు పోస్టులుగానే వస్తాయని ముందే తెలుసుకోండి.

ఈ వారం ఒక పని చేయండి. కెల్ప్‌వాచ్ అనే ఉచిత వెబ్‌సైటులో ఉత్తర కాలిఫోర్నియాలోని మెండోసీనో తీరాన్ని తెరిచి, 2014కు ముందూ తర్వాతా కెల్ప్ విస్తీర్ణాన్ని చూపే గీత ఎలా మారిందో మీకు వివరించమని అమ్మాయిని అడగండి. ఆ గీతతో రెండు గంటలు విసుగు లేకుండా కూర్చోగలిగితే, ప్రాజెక్టు మొదలుపెట్టించండి.