గార్సియాను వదిలేసింది ఆట చూసి కాదు, పద్దు చూసి

"2023లో టెక్సాస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టుకి వరల్డ్ సిరీస్ కప్పు తెచ్చిపెట్టిన అడోలిస్ గార్సియాను 2025 నవంబర్‌లో ఊరికే ఎందుకు వదిలేశారు? ఎవరికైనా ఇచ్చి బదులుగా ఇంకో ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు కదా?" అని మీరు అడిగారు.

డాలస్‌లో ఉంటూ ఏళ్ళ తరబడి ఈ జట్టును చూస్తున్నవాణ్ణి కాబట్టి సూటిగా చెప్పేస్తాను. వదిలేయడం తప్పు. అతని బ్యాటింగ్ బాగుందని కాదు, బాగోలేదు. 2024లోనూ 2025లోనూ సగటు .230 దాటలేదు, ప్లేటుకి అవతలగా జారిపోయే బంతిని కూడా వెంటపడి కొట్టబోవడం, తప్పడం, తల ఊపుకుంటూ వెనక్కి రావడం, ఇదంతా నేనూ చూశాను. 2025లో రేంజర్స్ పిచింగ్ (మన బౌలింగ్ లాంటిది) మొత్తం లీగ్‌లోనే మొదటి వరుసలో ఉంది, పిచర్లు డిగ్రోమ్, ఇవాల్డి ఇద్దరూ అదరగొట్టారు, అయినా జట్టు 81 గెలిచి 81 ఓడిందంటే దోషం బ్యాట్ల దగ్గరే ఉందని ఎవరికైనా అర్థమవుతుంది. మార్పు కావాలి, ఒప్పుకుంటాను. కానీ గార్సియా మీద వేటు పడటానికి అసలు కారణం అది కాదు. జీతాల పద్దులో చేయి పెట్టి తీసేయగలిగిన పేర్లు కొన్నే ఉంటాయి, వాటిలో అతనిదొకటి. అంతే.

మీ రెండో ప్రశ్నకి జవాబు చిన్నది. 2026కి అతనికి ఇవ్వాల్సి వచ్చేది సుమారు 12 మిలియన్ డాలర్లని అంచనా. ఉంచుకోవడమా వదిలేయడమా అన్నది నవంబర్ గడువులోపు రేంజర్స్ తేల్చుకోవాలని మిగతా జట్లన్నిటికీ తెలుసు. నాలుగు రోజులు ఆగితే ఉచితంగా దొరికేవాడికి ఎవరైనా తమ కుర్రాణ్ణి ఎందుకిస్తారు? చివరికి జరిగిందీ అదే, ఫిలడెల్ఫియా ఫిల్లీస్ ఒక్క ఏడాదికి 10 మిలియన్లిచ్చి తీసుకుపోయింది, రేంజర్స్‌కి పైసా రాలేదు. గార్సియాను వదిలేసిన రోజే క్యాచర్ (మన వికెట్‌కీపర్ లాంటివాడు) జోనా హైమ్‌ని కూడా వదిలేశారు. 2023లో ఆల్‌స్టార్ జట్టుకి ఎంపికై, మంచి ఫీల్డర్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ కూడా గెలిచినవాడు.

ఇక్కడ మనవాళ్ళతో ఈ మాట ఎత్తితే వెంటనే ఐపీఎల్ లెక్క తీస్తారు. 2025లో పర్సు 120 కోట్లు, అందులోనే అందరూ సర్దుకోవాలి, రిటెన్షన్‌లో ఒకరిద్దరు పోతారు, దానికి ఇంత బాధేంటి అంటారు. బేస్‌బాల్‌లో అలాంటి గట్టి పర్సు లేదండీ. ఒక గీత ఉంటుంది, 2025లో 241 మిలియన్లు, 2026కి 244 మిలియన్లు. దాటితే ఆపేవాడు లేడు, దాటిన మేరకి పన్ను కట్టాలి, మొదటిసారి 20 శాతం, వరసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది నుంచి 50. రేంజర్స్ 2023లో దాటింది, కప్పు గెలిచింది. 2024లోనూ దాటింది, 78 గెలిచి 84 ఓడింది. అప్పటి నుంచి ఆ గీతను గోడలా చూడటం మొదలుపెట్టారు. నా ఉద్దేశంలో పన్ను అనేది ఓనర్లకి దొరికిన మంచి సాకు. "మేం పిసినారులం కాదు, రూల్స్ అలా ఉన్నాయి" అని చెప్పుకోవడానికి.

టీవీ డబ్బులు తగ్గాయంటారు, అది నిజమే. వీళ్ళ మ్యాచ్‌లు చూపించే కేబుల్ కంపెనీ 2023 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది, 2025లో రేంజర్స్ సొంత నెట్‌వర్క్ పెట్టుకుంది. కానీ ఆ ఏళ్ళలో మాలాంటివాళ్ళం పడ్డ పాట్లు ఎవరికీ పట్టలేదు. సొంత ఊరి జట్టు ఆట చూడాలంటే ఒక యాప్‌లో బ్లాకౌట్ (సొంత ఊళ్ళో చూపించరు), ఇంకో యాప్‌లో ఆ ఛానెలే లేదు. స్టేడియానికి వెళ్దామంటే ఆర్లింగ్టన్‌కి రైలు దిగి నడిచి వెళ్ళే వీలు లేదు, కారులోనే వెళ్ళాలి, పార్కింగ్‌కి మళ్ళీ విడిగా కట్టాలి. ఆ స్టేడియంలో ఆర్లింగ్టన్ జనం పన్నుల సొమ్ము కూడా ఉంది, 2016లో 500 మిలియన్ల దాకా ఇవ్వడానికి ఓటేశారు. ఊరి దగ్గర అంత తీసుకున్నవాళ్ళు 12 మిలియన్ల దగ్గర లెక్కలు చూసుకుంటుంటే నాకు మండుతుంది.

సరే, అసలు సంగతికొస్తాను. మేజర్ లీగ్‌లో అడుగుపెట్టినవాడికి మొదటి మూడేళ్ళూ దాదాపు కనీస జీతమే, 2023లో అది 7,20,000 డాలర్లు. తర్వాత మూడేళ్ళు ఆర్బిట్రేషన్, జట్టు ఒక అంకె చెబుతుంది, ఆటగాడు ఒక అంకె చెబుతాడు, కుదరకపోతే మధ్యవర్తులు ఆ రెండిట్లో ఏదో ఒకటే ఖాయం చేస్తారు. ఆరేళ్ళు నిండితేనే ఫ్రీ ఏజెంట్‌గా, అంటే స్వేచ్ఛగా, మార్కెట్లోకి వెళ్ళగలడు. ఈ ఆరేళ్ళూ ఆటగాడు జట్టును వదిలి పోలేడు, జట్టు మాత్రం ఏ నవంబర్‌లోనైనా అతన్ని వదిలేయగలదు. ఒకసారి పెద్ద కాంట్రాక్టు పడితే లెక్క తిరగబడుతుంది, అక్కడ ప్రతి డాలరూ గ్యారంటీ, ఆడినా ఆడకపోయినా ఇవ్వాల్సిందే.

కాబట్టి ఖర్చు తగ్గించాలని ఏ జట్టు అనుకున్నా కోత పడేది మధ్యలో ఉన్నవాళ్ళ మీదే. కోరీ సీగర్‌కి 10 ఏళ్ళకి 325 మిలియన్లు, 2031 దాకా, ముట్టుకోలేరు. డిగ్రోమ్‌కి 5 ఏళ్ళకి 185, మొదటి ఏడాది ఆరు మ్యాచ్‌ల్లో బంతి వేసి మోచేతి ఆపరేషన్‌కి వెళ్ళాడు, అయినా జీతం ఆగదు, ఆగకూడదు కూడా. మార్కస్ సెమియన్‌కి 7 ఏళ్ళకి 175. గార్సియాను వదిలేసిన వారంలోనే సెమియన్‌ని న్యూయార్క్ మెట్స్‌కి ఇచ్చి బ్రాండన్ నిమ్మోని తెచ్చుకున్నారు. నిమ్మోది 8 ఏళ్ళకి 162 మిలియన్ల కాంట్రాక్టు, ఏడాది సగటు సెమియన్ కంటే తక్కువే, కానీ సెమియన్‌ది 2028తో అయిపోయేది, నిమ్మోది 2030 దాకా సాగుతుంది. అంటే 2026 పద్దు తేలికైంది, బరువు ముందుకి జరిగింది. పెద్ద కాంట్రాక్టు ఉన్నవాణ్ణి తీసేయలేరు, ఇంకో పెద్ద కాంట్రాక్టుతో మార్చుకోగలరు. గార్సియాకి ఆ రక్షణ లేదు.

పెద్ద కాంట్రాక్టులు ఇవ్వడం తప్పంటానా, అననే అనను. 2021లో ఈ జట్టు 102 మ్యాచ్‌లు ఓడింది. ఆ చలికాలమే సీగర్, సెమియన్ ఇద్దరికీ కలిపి 500 మిలియన్లు రాసిచ్చారు, అందరూ పిచ్చి అన్నారు, రెండేళ్ళలో కప్పు వచ్చింది. డబ్బు పెడితే కప్పు కొనేస్తారా అని వెటకారం చేసేవాళ్ళకి నేను చెప్పేదొకటే, ఆ కప్పులో సగం వాటా కనీస జీతం వాడిది.

ఆ వాడు ఎవరో 2023 అక్టోబర్ 27 రాత్రి చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్, అరిజోనా డైమండ్‌బ్యాక్స్‌తో. శుక్రవారం కావడంతో అర్వింగ్‌లో ఒక ఫ్రెండ్ ఇంట్లో చేరాం. వచ్చినవాళ్ళలో సగం మందికి బేస్‌బాల్ తెలియదు, బిర్యానీ కోసం వచ్చారు. తొమ్మిది ఇన్నింగ్‌ల ఆటలో ఎనిమిదోది అయ్యేసరికి 5-3తో వెనకబడి ఉన్నాం. అల్యూమినియం ట్రేల మీద రేకు మళ్ళీ మూసేశారు, పిల్లలు సోఫాలో అడ్డదిడ్డంగా నిద్రపోయారు, ఆడవాళ్ళు చెప్పులు వేసుకుని "ఇంక పదండి" అంటున్నారు. తొమ్మిదో ఇన్నింగ్‌లో పాల్ సీవాల్డ్ వేసిన బంతిని సీగర్ కుడివైపు స్టాండ్స్‌లోకి పంపాడు, హోమ్ రన్, బేస్ మీదున్నవాడూ తనూ ఇద్దరూ వచ్చేశారు, 5-5. ఎప్పుడూ ముఖంలో ఏ భావమూ చూపించని సీగర్ ఆ రోజు తన జట్టు కూర్చునే డగౌట్ వైపు తిరిగి అరిచిన అరుపు టీవీలో చూస్తుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. చెప్పులు వేసుకున్నవాళ్ళు వేసుకున్నట్టే వచ్చి కార్పెట్ మీద నిలబడిపోయారు, ఆ ఇంట్లో మామూలుగా అదో పెద్ద నేరం, ఎవరూ ఏమీ అనలేదు.

పదకొండో ఇన్నింగ్. గార్సియా వచ్చాడు. పిచర్ మిగెల్ కాస్ట్రో. బంతి తగిలిన శబ్దానికి నేను అది ఎడమవైపు పోతుందనుకుని అటే చూస్తున్నాను, అది కుడివైపు గోడ దాటేసింది. 6-5. సోఫాలో పిల్లలు ఉలిక్కిపడి లేచారు, ఒక చంటిది ఏడుపు మొదలుపెట్టింది, వాళ్ళమ్మ దాన్ని ఎత్తుకుని అరుస్తూనే ఊగుతోంది. బేస్‌బాల్ అంటే ఏంటో తెలియని మా ఫ్రెండ్ బావగారు నా భుజం పట్టుకుని "ఎవరండీ ఇతను, ఎవరండీ ఇతను" అని అదే పనిగా అడుగుతున్నాడు.

ఇంకో సంగతి చెబితే మీకు నా బాధ అర్థమవుతుంది. ఒక పోస్ట్‌సీజన్‌లో (సీజన్ చివర కప్పు కోసం ఆడే మ్యాచ్‌ల్లో) అత్యధికంగా 21 పరుగులు చేయించిన రికార్డు అప్పటిదాకా డేవిడ్ ఫ్రీస్‌ది, 2011లో సెయింట్ లూయీ కార్డినల్స్ తరఫున. అది మా మీదే పూర్తయింది. ఆ వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో ఇంకొక్క స్ట్రైక్ పడితే, అంటే అతను ఇంకొక్క బంతి తప్పితే, కప్పు రేంజర్స్‌ది, అతను కొట్టి సమం చేశాడు, పదకొండో ఇన్నింగ్‌లో హోమ్ రన్‌తో ముగించాడు, ఏడో మ్యాచ్ కూడా పోయింది. అదీ అక్టోబర్ 27నే. పన్నెండేళ్ళ తర్వాత అదే తేదీన, అదే పదకొండో ఇన్నింగ్‌లో, హోమ్ రన్‌తో 22వ పరుగు చేయించి ఆ రికార్డు చెరిపేసినవాడు గార్సియా. పైగా అతన్ని 2019లో రేంజర్స్‌కి అమ్మేసింది కూడా ఆ కార్డినల్సే, కొంచెం నగదుకి. 2021 ఫిబ్రవరిలో రేంజర్స్ కూడా అతన్ని 40 మంది జాబితా నుంచి తీసేస్తే మిగతా 29 జట్లలో ఒక్కటీ కావాలనలేదు. ఆ ఏడాదే 31 హోమ్ రన్లు కొట్టి ఆల్‌స్టార్ అయ్యాడు.

2023లో 39 హోమ్ రన్లు, గోల్డ్ గ్లవ్, హ్యూస్టన్ మీద సిరీస్‌లో బెస్ట్ ప్లేయర్, ఆ తర్వాత కప్పు. ఆ ఏడాది అతని జీతం మిలియన్ డాలర్లు కూడా లేదు. అప్పటికి వయసు 30. క్యూబా నుంచి బయటపడి, ఆలస్యంగా లీగ్‌లోకి వచ్చినవాడికి ఒంట్లో సత్తువ ఉన్న ఏళ్ళన్నీ కనీస జీతం కిందే పోయాయి. తర్వాత 2024, 2025 రెండేళ్ళకీ కలిపి 14 మిలియన్లు. అంత ఇచ్చి, ధర పెరిగే చివరి ఏడాది దగ్గర "ఇతనికి 12 ఎక్కువ" అన్నారు. ఎక్కువే, 2026లో అతను ఆడబోయే ఆటకి ఎక్కువేమో. కానీ 2023 బాకీ ఎవరు కట్టారు?

నేను మాదాపూర్‌లో ఫ్రెషర్‌గా చేరినప్పుడు ఇలాంటిదే చూశాను. బాండ్ రాయించుకుని, చిన్న ప్యాకేజీ మీద రాత్రింబవళ్ళు పనిచేయించుకున్నారు, జీతం పెరగాల్సిన ఏడాది వచ్చేసరికి మా బ్యాచ్‌లో మంచి పనివాళ్ళనే బెంచ్ మీద కూర్చోబెట్టి పంపించేశారు. కారణం అడిగితే బడ్జెట్ అన్నారు. అందుకే జట్టు మేనేజ్‌మెంట్ నోటి నుంచి "ఫ్లెక్సిబిలిటీ" అనే మాట వినగానే నాకు ఒళ్ళు మండుతుంది.

రేంజర్స్‌లో ఈ నిర్ణయాలు తీసుకునే క్రిస్ యంగ్ స్థానంలో నేనుంటే ఏం చేసేవాణ్ణని అడగొచ్చు. ఒక్క ఏడాదికి 12 మిలియన్లు ఇచ్చేవాణ్ణి. ఏడాది తర్వాత ఎలాగూ ఫ్రీ ఏజెంట్, జట్టుకి దీర్ఘకాల భారం ఏదీ లేదు. కుడి ఫీల్డ్‌లో అతని చెయ్యి ఇంకా బలంగానే ఉంది, బ్యాట్ పనిచేయకపోతే వారానికి మూడు రోజులు ఆడించొచ్చు, జులైలో ఎవరైనా అడిగితే ఇచ్చేయొచ్చు. 2030 దాకా నిమ్మోకి బాధ్యత తీసుకోవడానికి భయపడనివాళ్ళు ఒక్క ఏడాదికి భయపడటం నాకు అస్సలు మింగుడు పడలేదు.

ఓనర్లకీ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. ఓనర్లు శాలరీ క్యాప్ (జీతాల మొత్తానికి దాటరాని హద్దు) గురించి మాట్లాడుతున్నారు, మీడియా అంతా దాని చుట్టూనే తిరుగుతోంది. కిందటిసారి బేరంలో సంఘం వయసును బట్టి ముందే స్వేచ్ఛ ఇవ్వాలని అడిగి, మధ్యలో వదిలేసుకుంది. ఈసారి వదలకూడదు. ముప్పై నిండినవాడికి ఆరేళ్ళ లెక్క వర్తించకూడదనే రూల్ ఉండి ఉంటే, గార్సియా కప్పు గెలిచిన నవంబర్‌లోనే మార్కెట్లో నిలబడేవాడు. అప్పుడు రేంజర్స్ ఎంత ఇచ్చేదో, ఫిల్లీస్ ఎంత ఇచ్చేదో చూసేవాళ్ళం.