రోమియోకి గర్వం యాడిది తమ్మీ?

ప్రశ్న: నమస్తే అన్నా. మా కాలేజీల యాన్యువల్ డేకి రోమియో జూలియట్ తెలుగుల వేస్తున్నం, నేను రోమియో. మా సార్ ఏమో విషాద నాటకంల హీరో గర్వంతోనే ఆగమైతడు, నువ్వు ఛాతీ విరుచుకొని చెయ్యి అంటుండు. నాకైతే రోమియోల గర్వం యాడా కనిపిస్తలేదు. ఎట్ల చెయ్యాలె?
- డిగ్రీ సెకండియర్, హన్మకొండ

జవాబు: మీ సార్ మాట గ్రీకు నాటకాలకెల్లి వచ్చింది తమ్మీ. కానీ విషాద నాటకాల గురించి రాసిన గ్రీకు పండితుడు అరిస్టాటిల్ వాడిన మాట హమార్తియా, అంటే గురి తప్పుడు, పొరపాటు, దాన్ని మనోళ్లు గర్వం అని ఫిక్స్ చేసిన్రు. ఆ గ్రీకుల అంటిగొనె నాటకమే చూడు, మొండిపట్టు రాజు క్రియోన్‌ది, ప్రాణం పోయింది అంటిగొనెకు, ఆమెను చేసుకోవాల్సిన రాజు కొడుకు హైమన్‌కు.

రోమియోది ఆగలేకపోవుడు. ముందుగాల ప్రేమించిన రోసలైన్ అనే పోరి కోసం ఏడుసుకుంట దావత్‌కు పోయినోడు అదే రాత్రి జూలియట్‌ను చూసి రోసలైన్ పేరే మర్చిపోయిండు, తెల్లారి పెళ్లి! మనం బతుకమ్మ తొమ్మిది రోజులు ఆడతం కదా, వీళ్ల ప్రేమ, పెళ్లి, చావు అన్నీ అండ్ల సగం రోజులకే ఒడిసినయ్. జూలియట్ ఏం తక్కువ కాదు, 14 ఏండ్లు నిండని పోరి, ఇది మరీ తొందరైతుంది, మెరిసింది అనేలోపే పోయే మెరుపు లెక్కుంది అని బాల్కనీల నిలబడి తనే అంటది, అని మళ్ల అదే సీన్‌ల పెళ్లి ముచ్చట తీసి రేపు ఎన్నింటికి మనిషిని పంపాలె అని అడుగుతది, తొమ్మిదింటికి అంటడు మనోడు. తెలుసు, అయినా ఆగలే.

ఇగ గర్వం అంటవా, మూడో అంకం మొదటి సీన్ మల్లొకసారి చదువు. పెళ్లై గంటే అయింది, జూలియట్ మేనబంధువు టిబాల్ట్ నడిరోడ్డు మీద తిడితే రోమియో మింగుతడు, చుట్టం అయిండు కదా మరి. దోస్త్ మెర్కూషియోకు అది నచ్చక కత్తి తీస్తడు. రోమియో ఆపుదామని నడుమ దూరితే టిబాల్ట్ కత్తి రోమియో చెయ్యి కిందికెల్లి పోయి మెర్కూషియోకు దిగుతది. అప్పుడంటడు చూడు, జూలియట్ అందం నన్ను ఆడంగోణ్ణి చేసిందని! నాటకం మొత్తంల పరువు వాణ్ణి పట్టుకున్నది గక్కడనే, తర్వాత రోమియో చేతిల టిబాల్ట్ సచ్చుడు, రోమియోను ఊరెళ్లగొట్టుడు, విషం కొనుడు, ఏదీ ఆగలే. సమాధిల ఇంకొంచెం సేపు ఏడుసుకుంట కూసున్నా, మందు తాగి సచ్చినట్టు పడుకున్న జూలియట్ లేచేది, నాకు ఇప్పటికీ ఆ సీన్ చదువుతుంటే ఆగురా నాయనా అనిపిస్తది.

కాబట్టి అందాక భుజాలు వదిలేసే చెయ్యి, మాటలు కొంచెం తొందర తొందరగ పడనీ, ఆ ఆడంగి డైలాగ్ కాడ మాత్రం ఛాతీ విరుచు. సార్ కూడా ఖుష్ అయితడు.