మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్‌కి క్యాంపర్‌వ్యాన్‌లో ఏ దారి మంచిది? ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

తీరం దారే పట్టండి, కనీసం ఐదు రోజులు పెట్టుకోండి. లోపలి హైవే 730 కిలోమీటర్లే, కానీ చూడదగ్గవన్నీ సముద్రం వైపే ఉన్నాయి.

టోర్కీ దగ్గర గ్రేట్ ఓషన్ రోడ్డు మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919-1932 మధ్య కొండ అంచులు తొలిచి వేసిన రోడ్డిది. అక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి కాబట్టి, మెల్‌బోర్న్ నుంచి వెళ్తే సముద్రం మీ పక్కనే ఉంటుంది. వ్యూ పాయింట్ల దగ్గర ఆగాలంటే ఎదురొచ్చే బళ్లకు అడ్డంగా తిప్పక్కర్లేదు. పెద్ద బండితో ఇది ఎంత హాయో నడిపితే తెలుస్తుంది. ఒక రాత్రి పోర్ట్ క్యాంప్‌బెల్‌లో ఉండండి. టూరిస్టు బస్సులు రాకముందే ట్వెల్వ్ అపాజిల్స్ సున్నపురాయి స్తంభాలను పొద్దుటి ఎండలో చూడొచ్చు.

తర్వాత సరిహద్దు దాటి దక్షిణ ఆస్ట్రేలియాలోని మౌంట్ గాంబియర్ ఊరు. అక్కడి బ్లూ లేక్ డిసెంబర్-మార్చి మధ్య ముదురు నీలంగా ఉంటుంది, చలికాలంలో బూడిద రంగుకు తిరుగుతుంది. అక్కణ్ణుంచి రోబ్, కూరాంగ్ మీదుగా అడిలైడ్.

ఫ్రిజ్‌లో ఉన్న పళ్లు, టమాటాలు, పచ్చిమిర్చి సరిహద్దు లోపే వాడేయండి. పండు ఈగ భయంతో దక్షిణ ఆస్ట్రేలియాలోకి రానివ్వరు. రోడ్డు పక్క ఎక్కడపడితే అక్కడ పడుకోనివ్వరు, డిసెంబర్-జనవరి సెలవుల్లో అయితే క్యారవాన్ పార్కులు (ఇలాంటి బళ్లు రాత్రి ఆపుకునే చోట్లు) ముందే బుక్ చేసుకోవాలి. సందె వేళ కంగారూలు రోడ్డెక్కుతాయి, చీకటి పడకముందే బండి ఆపేయండి.